కొసరు లేని కొలత

షెడ్డు చూరు నుంచి మంచు కరిగి కారుతున్న మార్చి సాయంత్రం
ఎల్డన్ స్పర్లాక్ నా చేతికి మొదట ఇచ్చింది చీపురు.
"బల్ల ఊడువు డెల్మా.
నిన్నటిది ఏదీ ఇవాళ బల్ల మీద ఉండకూడదు."

నేను స్కూలు బస్సు నడుపుతాను.
సామన్ ఊరి కొట్లో తూటాల అర ఖాళీ అయి ఆరు వారాలు.
సరుకు వచ్చినా పెట్టె ధర వింటే
గురువారాలు పాత కంకర గుంటలో
రేకు పళ్ళాలు కొట్టే మా ఆడవాళ్ళ సరదా
అక్కడికక్కడే చల్లారిపోతుంది.
అందుకే వచ్చాను,
కాల్చేసిన ఇత్తడి తొడుగులు
కాఫీ డబ్బా నిండా ఏరుకుని.

రాత్రంతా వాల్‌నట్ పెంకుల పొడిలో దొర్లి
తెల్లారేసరికి తోమిన చెంబుల్లా తేలాయవి.
ఎల్డన్ ఒక్కొక్కదాన్నీ వేళ్ళ మధ్య తిప్పాడు.
ఒకదాని మూతి దగ్గర వెంట్రుకంత చీలిక.
"ఏడుసార్లు వెళ్ళొచ్చింది. ఇక చాలు దీనికి."
డబ్బాలో పడ్డప్పుడు
దాని చప్పుడు మిగతావాటికంటే మొద్దుగా ఉంది.

మీట కిందికి.
పాత ప్రైమర్ టిక్కున రాలుతుంది.
ఉబ్బిన తొడుగు మళ్ళీ తన నడుము తాను తెచ్చుకుంటుంది.
కొత్త ప్రైమర్ సరిగ్గా కూర్చుందో లేదో
కంటికంటే ముందు బొటనవేలికి తెలుస్తుంది.

తర్వాత త్రాసు.
ఇక్కడ బరువు గ్రెయిన్లలో. అంటే గింజలే.
గింజ తప్పితే తప్పేది గురి ఒక్కటే కాదు,
వేళ్ళూ, కళ్ళూ.
నలభై ఏళ్ళు చిక్కుడుగింజల కుండలో ఉప్పు
చేతి వాటంగానే వేశాను.
ఇక్కడ చిటికెడు లేదు, కాస్తంత లేదు,
కొసరు అసలే లేదు.
"నా మాట కూడా నమ్మకు, పుస్తకం తెరిచి చూడు"
అంటాడు నలభై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నవాడు.
తాగుడు మానేసి తొమ్మిదేళ్ళు.
ఆ మందు వణికించిన చేతులే
ఈ మందును ఊపిరి బిగబట్టి పోస్తాయి.

ముప్పై ఒకటోదాని దగ్గర ఫోను మోగింది.
గ్యారేజీ నుంచి హార్లన్,
రేపు చక్రాలకు గొలుసులు కట్టాలా అని.
రెండే మాటలు.
పెట్టేసి చూస్తే
పోశానా? పోయలేదా? రెండుసార్లు పోశానా?
అప్పటికే నా చెయ్యి నన్నడక్కుండా
పైన సీసం గుండు కూర్చోబెట్టేసింది.
లోపలికి చూసే దారి లేదు.

సిగ్గేసి చెప్పలేదు.
యాభై పూర్తిచేసి, పెట్టెలో వరసగా సర్ది,
కోటు వేసుకుని, గుమ్మం దాకా వెళ్ళి,
అప్పుడు చెప్పాను.

ఎల్డన్ ఒక్క మాటా అనలేదు.
సుత్తిలాంటి ప్లాస్టిక్ పనిముట్టు తీశాడు.
తూటాను అందులో బిగించి దుంగ మీద కొడితే
గుండు ఒకటి, మందు ఒకటి.
కట్టింది విప్పడం
కట్టడం కన్నా ఎక్కువ చప్పుడు.
"ఆ ఒక్కటి విప్పితే చాలదా?"
"నీకు తెలిసింది ఆ ఒక్కటే కదా."

ముప్పై ఒకటిలో మందు సరిగ్గా పుస్తకంలో ఉన్నంత.
పన్నెండులో
ఏమీ లేదు.

అది పేలదు. ప్రైమర్ ఒక్కటే దగ్గుతుంది,
గుండు గొట్టం మధ్యలో ఇరుక్కుంటుంది.
తెలియక ఇంకోసారి నొక్కితే,
దాని వెనకే వచ్చే పదమూడోది
నా చేతిలోనే బద్దలు.

పన్నెండోదాని దగ్గర నేనేం చేస్తున్నానో
గుర్తు తెచ్చుకోవాలని చూశాను.
ఫోను లేదు. కబుర్లు లేవు.
అంతా చక్కగా సాగుతున్నట్టే ఉంది.

చన్నీళ్ళలో మోచేతుల దాకా సబ్బు రుద్దుకుని
సీసం కడిగేసుకున్నాం.
నోటుబుక్కులో ఆ రోజు తారీఖు వేసి, కింద సున్నా రాశాడు.
తయారైనవి సున్నా.

మర్నాడు పొద్దున్న ఆఖరి మలుపు దగ్గర బస్సాపి
పిల్లల్ని లెక్కపెట్టాను. పంతొమ్మిది.
మళ్ళీ వెనక నుంచి. పంతొమ్మిది.
సీట్ల కిందికి కూడా వంగి చూశాను.
"ఏం పోయింది మిస్ డెల్మా?"
ముందు సీట్లోంచి, పళ్ళూడిన నోటితో, కాల్డర్.
ఇంకా ఏం పోలేదురా, అన్నాను.