పగటి మొహాలు

పదకొండేళ్లుగా ఒకరినొకరం ఎరుగుదుం,
ట్యూబ్‌లైట్ల కింద మాత్రమే.
నాటింగ్‌హామ్‌లో రొట్టెల ఫ్యాక్టరీ, రాత్రి పదింటి షిఫ్టు.
తలకు వల టోపీలు, ఒంటికి తెల్ల కోట్లు,
ఏ మాటన్నా మిషను మోతను దాటి రావాల్సిందే.

ఈ శనివారం షిఫ్టు దిగి తిన్నగా రైలెక్కాం.
లింకన్ స్టేషన్ బయట అక్టోబరు ఎండలో
నలుగురం పెళ్లిచూపులకొచ్చినట్టు బిత్తరపోయి నిలబడ్డాం.
క్లెమెంట్ బుగ్గల మీద ఇన్ని మచ్చలున్నాయా!
డిలిస్ కళ్లు గోధుమరంగు అనుకున్నా ఇన్నాళ్లూ,
కాదు, వానకు తడిసిన పలక రంగు.
బ్రోనా జుట్టు నడుం దాకా జారింది.
"ఇదంతా ఎక్కడ దాచావే?" అన్నాడు క్లెమెంట్.
నా గురించి ఎవరూ ఏమీ అనలేదు.
నేనూ అడగలేదు.

ఊరి మధ్య వీధి ఒకటి నిట్టనిలువుగా లేస్తుంది.
దాని పేరే ఏటవాలు కొండ.
పేరు పెట్టినవాడు అబద్ధమాడలేదు.
రాళ్లు పరిచిన దారి, పట్టుకోడానికో ఇనుప కడ్డీ.
డిలిస్ మోకాలు మూడుసార్లు ఆగింది:
ఒకసారి పాత పుస్తకాల కొట్టు దగ్గర,
ఒకసారి టీపాట్లు పేర్చిన కిటికీ దగ్గర,
మూడోసారి దేని దగ్గరా కాదు, ఊరికే.

పైన కెథడ్రల్లో సాయంత్రపు ప్రార్థన.
పిల్లల గొంతులు పైకప్పు దాకా వెళ్లి
నింపాదిగా దిగుతున్నాయి.
రెండో కీర్తనకే నలుగురం నిద్రపోయాం.
క్లెమెంట్ గురకను రాతి స్తంభాలు
ఒకదానికొకటి అందించుకున్నాయి.
నల్ల అంగీ ముసలాయన వచ్చి భుజం తట్టి
"నేనూ నిద్రపోతుంటాను,
కాకపోతే కళ్లు తెరుచుకుని" అన్నాడు.

బస ఊరవతల, వోల్డ్స్ గుట్టల మధ్య,
గొర్రెల పాకను గదులుగా మార్చిన చోట.
రాత్రి రెండింటికి, ఎవరూ లేపకుండానే, నలుగురం లేచాం.
అది పిండి పొంగే వేళ. చేతులు ఊరుకోవు.
లైటు వెయ్యబోతే బ్రోనా వద్దంది.
చక్కెర దుంపల చేల గట్టెంట నడిచాం.
చీకటి మాకు కొత్తేం కాదు,
మోత లేని చీకటి కొత్త.
అరుచుకుంటూ మాట్లాడే అలవాటు పోతుందా?
"ఆ చుక్క చూడండి!" అని డిలిస్ ఒక్క కేక పెట్టింది,
అవతలి పొలంలో గొర్రెల మంద లేచి పరుగో పరుగు.
నవ్వీ నవ్వీ బ్రోనా గట్టు మీద కూలబడింది.
నవ్వు ఆగాక, అక్కడే కూర్చుని,
డిసెంబరులో మన లైను మూసేస్తారట అంది.
ఆఫీసులో కాగితం చూసిందట.
చూసి వారమైందట.

క్లెమెంట్ వంగి ఒక దుంప పెరికాడు.
మట్టి దులిపి, అరచేతిలో ఆడించి,
"ఎనిమిది వందల గ్రాములు" అన్నాడు.
మా రొట్టె తూకం అది.

పొద్దున్నే పల్లెలో టీ కొట్టు.
రొట్టె తెచ్చి బల్ల మీద పెట్టగానే
నలుగురం ఒకేసారి తిరగేసి అడుగు చూశాం,
వేలి కణుపులతో తట్టి చెవొగ్గాం.
"మూడు నిమిషాలు ముందే తీశారు," డిలిస్ తీర్పు.
కొట్టు పిల్ల మొహం కందింది.
పొడి కూడా మిగల్చకుండా తిన్నాం,
ఇంకోటి కట్టించుకున్నాం.

తిరుగు రైల్లో ఎండ పక్కనుంచి పడుతోంది.
డిలిస్ నోరు తెరిచి నిద్రపోతోంది.
క్లెమెంట్ ఒళ్లో దుంప. ఏం చేస్తావురా దాంతో అంటే
తెలీదన్నాడు.
బ్రోనా ఎంతసేపట్నించో నన్నే చూస్తోంది.
"నీ ఎడమ కనుబొమ్మలో చిన్న గాటుంది, తెలుసా?"
తెలుసన్నాను.
ఆరేళ్లప్పుడు సైకిలు మీంచి పడ్డ కథ
న్యూవార్క్ స్టేషను దాటేదాకా చెప్పాను,
గొంతు చించుకోకుండా.