టోర్కిల్ చిట్టా

క్యాంబెల్‌టౌన్ రేవు వెనక వీధిలో
రెండో అంతస్తు.
సీసాలకు వెల కట్టడానికి గ్లాస్గో నుంచి వచ్చాను,
వేలం కంపెనీవాళ్ళ బస్సు ఛార్జీల మీద.
తలుపు తీసింది ఇష్‌బెల్, పోయినవాడి అక్క.
చుక్క ముట్టని మనిషి.
టీ ఇచ్చింది. చక్కెర అడగలేదు.

మంచం కింద నలభై ఒక్క సీసాలు.
టార్చి వేసి, మెడ దాకా నిండుందో లేదో చూశాను,
లేబుళ్ళ మీద తేమ మరకలు లెక్కపెట్టాను.
మూత తీయనివి పదకొండు.
"మరి తీసినవాటికి?"
చిల్లిగవ్వ రాదన్నాను.
"తాగడానికి చేసింది తాగితే విలువ పోతుందా?"
ఆ ప్రశ్నకు నా ఫారంలో గడి లేదు.

ఒకటి మాత్రం, ఎప్పుడో మూతబడ్డ బట్టీది,
టోర్కిల్ పంతొమ్మిది పౌండ్లకు కొన్నది,
ఇవాళ నాలుగు వేల రెండొందలు.
ఆమె కుర్చీ అంచున కూర్చుంది.
"ఆ పంతొమ్మిదికే
నెల్లాళ్ళు మాట్లాడలేదు నేను వాడితో."

అప్పుడు తెచ్చింది ఆ పుస్తకం.
పాత ఆటుపోట్ల పట్టిక,
అంచుల నిండా పెన్సిలు రాత.

*మార్చి మూడు. ఇరవై ఆరు పౌండ్లు.
నాన్న రెయిన్‌కోటు లోపలి జేబు. కాస్త పిప్పరమెంటు.*

*రెండు చుక్కలు నీళ్ళు పోస్తే
లాక్లన్ పడవల షెడ్డు, వాన వెలిశాక.*

*ముప్ఫై ఎనిమిది. దండగ. కొత్త బూట్ల డబ్బా.
దీంతో బాయిలరు బాగుచేయించాల్సింది.*

*ధర అడక్కు.
మాడిన రొట్టె మీద నలుపు అక్క కత్తితో గీకేది.
ఆ చప్పుడు కూడా ఉంది ఇందులో.*

ఇరవై రెండేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను.
వెనిల్లా, తేనె, ఎండుపళ్ళు, పొగ,
కేటలాగుకు పనికొచ్చే ఆరేడు మాటలు నాకు కంఠతా.
మూత తీయని సీసాకూ అవే రాస్తాను.

"దీనికెంత?"
ఎంతో కొంత చెప్పబోయి
వేలంలో నిలవదన్నాను.
బేరం కుదిరినట్టు తలూపింది,
పుస్తకం కోటు జేబులో పెట్టుకుంది.

బస్సుకింకా గంట. రేవు దాకా తోడొచ్చింది.
షెడ్డు ఉంది; లాక్లన్ లేడు, పడవలూ లేవు.
వాన వెలిసింది,
అక్కడది పూటకు నాలుగుసార్లు వెలుస్తుంది.
గడియ తీసి, తల లోపల పెట్టి,
కళ్ళు మూసుకుని
ఒక్క గుక్క గాలి పీల్చింది.

బయట నేను పెట్టె పట్టుకుని నిలబడ్డాను,
లోపల నాలుగు వేల రెండొందలు
కదలకుండా.

"తారు రాయలేదు వాడు," అంది.
"ఇక్కడ తారుంది. ఎప్పుడూ ఉంది."

తమ్ముడి పేజీలోనే, తమ్ముడి మాట కింద,
పెన్సిలు మొన నాలుక మీద తడిచేసుకుని
రాసింది.