రెండో పూత

నవంబరు ఆదివారం, ఎట్నా కొండ వాలులో
అగ్రిప్పీనా గరాజులో కలిశాం పదకొండుమందిమి.
కారు బయట వానలో,
కుండీలు లోపల.

బల్ల మీద నాగజెముడు పళ్ళు.
ఈ ఊళ్ళో దీని పేరు ఇండియా అత్తి.
ఇండియాదీ కాదు, అత్తీ కాదు,
మెక్సికోలో ఓడెక్కి వచ్చింది.
ట్యునీషియా మబ్రూకా నవ్వుతుంది:
"మా అమ్మ దీన్ని హిందీ అనేది."
పుట్టిల్లు ఎవరూ సరిగ్గా చెప్పని మొక్క,
ఏ గోడ మీదైనా కాపురం పెట్టేస్తుంది.

గాండోల్ఫో చేతులకు తొడుగుల్లేవు.
రెండు కొనలూ కోసి, నడుమ ఒక గాటు పెట్టి
పిల్లాడికి కోటు విప్పినట్టు తోలు విప్పుతాడు.
నూగుముళ్ళు మాకే గుచ్చుకుంటాయి.
లేత మట్టలు గీకి, తరిగి, ఉల్లితో వేయించింది అగ్రిప్పీనా.
"నిమ్మకాయ పిండిన బెండకాయ," అని తేల్చేసింది మబ్రూకా.

ఆ తర్వాత అతను జేబులోంచి రుమాలు తీశాడు.
జబోతికాబా.
బ్రెజిల్ చెట్టు. కొమ్మ చివర కాదు,
మేడిలా మానునంటుకునే కాస్తుంది, నల్లగా.
విత్తు నాటి పదమూడేళ్ళు.
మంచు పడ్డ రాత్రి దానికి పెళ్ళినాటి దుప్పటి కప్పాడు.
కొండ బూడిద కురిసిన పొద్దున
ఆకు ఆకూ తుడిచాడు.
తొలికాపు మొత్తం తొమ్మిది.

సగాలు చేశాం.
తన సగం నోట్లో పెట్టుకుని చాలాసేపు ఊరుకున్నాడు.
"చల్లగా ఉంది," అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది మాకు,
రెండేళ్ళ కిందటి జ్వరం
అతని ముక్కునీ నాలుకనీ దోచుకుపోయిందని.

"చెప్పండి మరి. ఎలా ఉంది?"
ద్రాక్ష, అన్నారొకరు.
కాదు, లిచీ.
తోలు దగ్గర కాస్త వగరు, అంది మబ్రూకా,
మొహమాటపడి నవ్వినట్టు.
నాకేమీ తోచలేదు.
"వానకు తడిసిన ఇనుప గేటు," అన్నాను.
అందరూ నవ్వారు.
అతను కళ్ళు మూసుకుని
"ఆ గేటు నాకు తెలుసు," అన్నాడు.

జూన్‌లో అతని తోటకి వెళ్ళాం.
పొడుగు కర్రతో
జెముడు మీది పసుప్పచ్చ పూతంతా కొట్టి రాలుస్తున్నాడు.
కొత్తగా చేరిన కుర్రాడు అయ్యో అన్నాడు.
"ఉంచితే ఆగస్టుకే పండుతుంది. అన్నీ గింజలే.
రాలిస్తే మొండికేసి మళ్ళీ పూస్తుంది.
వానలు తాగి, ఆలస్యంగా, లావుగా పండుతుంది."
ఆ రెండో కాపుకి ఇక్కడ
తండ్రి తెలియని బిడ్డల తిట్టు పేరు.
సంతలో ధర మాత్రం దానికే ఎక్కువ.

చెమట తుడుచుకుంటూ
రాలిన పువ్వొకటి తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు,
పాత అలవాటు.

ఆ పువ్వు వాసన
మాలోనూ ఎవరికీ తెలియదు.
కర్రలందుకున్నాం.