ఐకీ థింక్‌కీ మధ్య

ద్వారకానగర్లో జిరాక్స్ షాపు పైన
పైడిరాజు మాస్టారు చెప్పేవారు:
‘ఐ’ అన్నాక వెంటనే ‘థింక్’ అనేయకు,
మధ్యలో ఏదో ఒకటి కుక్కు.
‘స్ట్రాంగ్లీ’ పెడితే భుజాలు లేస్తాయి.
‘పర్సనల్లీ’ అంటే
వాన రాకముందే గొడుగు.
‘హానెస్ట్లీ’తో మాత్రం జాగ్రత్తరా,
అప్పటిదాకా అబద్ధాలాడావనుకుంటారు.

ఆరువేలు కట్టి నేర్చుకున్న ఆ చదువుతో
నిన్న పాతపోస్టాఫీసు వెనక సందులో
గరికిన పోలమ్మ ఇంట్లో కూర్చుని
బొగ్గుపొడి మీద అర్జీ రాస్తున్నాను.

“ఆరేసిన గుడ్డ ఆరకముందే నల్లగైపోతంది. రాయి బావూ.”

ఐ ఫర్మ్లీ బిలీవ్, అని మొదలెట్టి
గొంతు సవరించుకుని చదివాను.

“అంటే ఏటి?”

“గట్టిగా నమ్ముతున్నాను, అని.”

ఎండుచేపల బుట్ట పక్కకి జరిపింది.
“నమ్మడమేటి?
నమ్ముకోడానికి నూకాలమ్మ ఉంది.
ఇది రోజూ తుడుత్తన్నాను.”

‘ఫర్మ్లీ’ కొట్టేశాను.
‘బిలీవ్’ కూడా కొట్టేశాను.
‘ఐ’ ఒక్కటీ మిగిలింది, కరెంటు స్తంభంలా.
తర్వాత ఏం రాయాలో
మాస్టారు చెప్పలేదు.

రేవులో ఏదో ఓడ కూసింది.
పోలమ్మ లేచి, కిటికీ గట్టంతా అరచేత్తో రాసి
తెచ్చి నా కాగితం మీద అద్దింది.

ఐదు వేళ్లు, నల్లగా.

“ఏలిముద్ర యేరే ఎయ్యాలా?” అంది.