బోరు మార్చిన తుపాకి

ఓదెలూ, ఇట్ల వెలుతురు దిక్కు పట్టు.
పొద్దు ఇంక మసీదు మినారు పక్కనే ఉన్నది,
గొట్టంల నుంచి పోనీ.
బోల్టు తీసి పక్కకు పెట్టిన.
బొటనవేలి గోరు అద్దం లెక్క కింద పెట్టి చూస్తే
లోపల మెలిదిరిగిన గీతలు మంచిగనే ఉన్నయ్,
మూతి కాడ మాత్రం అరిగినయ్.
ఎవడో ఇనుప చువ్వతోని తోమిండు ఏండ్లకేండ్లు.

పద్దెనిమిది వేలా?
కొత్తది నీకు అందదని ఎరుకే.
నీ పింఛను కాయితం గూడ ఎరుకే.

ఇది పుట్టినప్పుడు దీని నోరు సన్నగుండె.
పటాలం తూటా పౌరునికి పనికిరాదని
నోరు కొద్దిగ పెద్దజేసి
కొత్త నంబరు కొట్టిండ్రు.
పాత నంబరు మీద సుత్తె దెబ్బలు, అయినా కనవడ్తాంది చూడు:
నాలుగు, ఏడు, తర్వాత సున్ననో ఆరో.
బోల్టు మీది నంబరు వేరే.
అంటే ఇది ఒక్క తుపాకి కాదు,
రెండు తుపాకుల మారుమనువు.

ఇరవైరెండేండ్లు వీటికే నూనె పెట్టిన నేను,
లేహ్‌ల గడ్డకట్టిన నూనె, జోధ్‌పూర్ల ఇసుక కలిసిన నూనె.
ఇప్పుడు మండిబజార్ల మందుకొట్టే పంపులు బాగుజేస్త.
పత్తికి పురుగు పడ్డనాడు పదిమంది వస్తరు,
ఎండకాలం ఈగలు వస్తయ్.

కొనకు, అని నోటిదాక వచ్చింది.
తూటా ఒక్కటి రెండ్రోజుల కూలి.
లైసెన్సుల రాసినన్నే ఇస్తరు.
కట్టె ఎండి ఇనుమును వదిలింది,
గురి జానెడు ఎడమకు పోతది.
ఎడమకు పోతదని తెలిస్తే కుడికి పట్టొచ్చు, గని
వేడైనంక ఎటు పోతదో దానికే తెల్వది.

నువ్వు నవ్వినవ్.
"అన్నా, బ్యాంకు మేనేజరు రెండే అడిగిండు.
లైసెన్సు ఉన్నదా, తుపాకి ఉన్నదా.
పేలుతదా అని అడగలే."

పోయిన ఓట్లప్పుడు
సాంబరాజు గిసొంటిదాన్నే ఠాణాల జమజేసిండు.
మెడకు దారం, దారానికి అట్టముక్క.
నలభై రోజులు ఉత్తచేతులతోని నిలబడ్డడు
పరకాల బ్యాంకు గేటు కాడ.
మొదట్ల కుడిభుజం కిందికి వంగే ఉండెనట,
లేని బరువు మోసుకుంట.
పైసలు తీయ వచ్చిన ఒక ముసలమ్మ మాత్రం అడిగిందట,
"బిడ్డా, నీ కట్టె ఏడవోయింది?"
తిరిగి ఇచ్చిననాడు గొట్టం నిండ తుప్పు,
తుప్పుల సాలెపురుగు.
నా కాడికే తెచ్చిండు. రెండ్రోజులు తోమిన.
పురుగును పక్కింటి పోరడు అగ్గిపెట్టెల ఏసుకపోయిండు.

ఆగు, ఇంకోటి.
మడమ కాడ ఇత్తడి మూత, నీకు ఎరుకే గదా,
అండ్ల నూనెబుడ్డి, తోమే తాడు ఉండాలె.
బుడ్డి లేదు. తాడు లేదు.
మడతవెట్టిన చిట్టి ఒకటి, హిందీల.
ఏ ఊరి కిరాణమో:
ఉప్పు, చాపత్తి, సబ్బు ఒకటి, మట్టినూనె.
కింద మొత్తం తప్పు కూడిండు, రూపాయిన్నర ఎక్కువ.
నువ్వు వేళ్ల మీద మళ్ల కూడినవ్,
ఎవలో తెల్వనోని బాకీని.
అట్లనే మడిచి అండ్లనే పెట్టి
మూత ఒత్తినవ్.

అప్పుడు సమజైంది నాకు, నువ్వు కొన్నవని.

పన్నెండుకు అడుగు, పదిహేనుకు తెగుతది.
మిగిలిన మూడు వేలకు తూటాలు కొనకు,
మంచి బూట్లు కొను.
పొద్దంత నిలబడేది
కాళ్లే గని తుపాకి కాదు.
వానకాలం ముందొకపాలి, ఎనుకొకపాలి తీసుకరా,
తోముత. పైసలేం వద్దు.

కాల్చే పని పడదు.
పడితే మాత్రం,
బోల్టు వేరేదాని బోల్టని యాదివెట్టుకో,
మొఖం కొంచెం పక్కకు పెట్టు.