ఎడమ చెవి

మే పన్నెండు రాత్రి ఫాతిమాలో
అందరికీ దేవమాత కనబడుతుంది.
నాకు కనబడేది మైనం.

పదకొండేళ్లుగా ఇదే కొలువు.
కొవ్వొత్తుల మంట కింద తొట్టిలోకి కారిన మైనాన్ని
ఇనప గరిటతో ఎత్తి పీపాల్లో పోస్తాను.
కనుబొమలు కాలాయి, మొలిచాయి, మళ్లీ కాలాయి.

జనం బ్రాగా నుంచి, బేజా నుంచి నడిచి వస్తారు,
చీకట్లో మెరిసే పసుపు కోట్లు వేసుకుని,
మడమల బొబ్బల్లోంచి దారం గుచ్చి వదిలేసుకుని.
భక్తుల్లా ఉండరు.
గడువు లోపల బాకీ కట్టడానికి
బయల్దేరిన వాళ్లలా ఉంటారు.

ఒకడి కొవ్వొత్తి వాడంత పొడుగు.
ఒకామె పసివాడి ఎత్తుకు కొలిపించి తెచ్చింది.
పసివాడు వెంట లేడు.
నేను అడగలేదు.

దుకాణంలో మైనపు కాళ్లు అమ్ముతారు,
రొమ్ములు, మూత్రపిండాలు, గుండెలు కూడా.
కొని మంటలో వేస్తారు.
ముందు ఏది కరుగుతుందని
కొత్తగా చేరిన కుర్రాడు అడిగాడు.
నువ్వే చూడు, అన్నాను. గుండె మందం. ఆలస్యం.

నా అయిదో ఏట, నా జ్వరం కోసం
మా అమ్మ ఈ పాలరాతి బాట పొడుగునా
మోకాళ్ల మీద నడిచింది.
జ్వరం నాకు గుర్తులేదు.
మేజోళ్ల చిరుగుల్లోంచి కనబడ్డ ఎర్రటి చర్మం గుర్తుంది.
తిరుగు బస్సులో ఆ ఒళ్లో తల పెట్టబోతే
"ఇవాళొద్దు నాన్నా" అంది.
అమ్మ నన్ను వద్దన్నది ఆ ఒక్క రోజే.

మొన్న, ఊరేగింపు ముగిసి
ఒంటిగంట దాటాక, ఒక ముసలామె వచ్చింది.
నల్ల శాలువా, చేతిలో ప్లాస్టిక్ సంచీ.
పేరు ఎర్మెలిందా, ఊరు మిరాందా దగ్గర కొండల్లో.
"అయ్యా, నేనేసిన చెవి తీసిస్తావా?"
"ఏ చెవమ్మా?"
"మా ఆయనది. ఎడమది వేశాను.
వినబడనిది కుడిది."

నవ్వు మింగి అన్నాను,
"ఏ చెవో ఆ తల్లికి తెలియదా?"
"ఆవిడకి తెలుసులేవయ్యా.
ఇంటికెళ్లాక ఈయన అడుగుతాడు.
నలభై తొమ్మిదేళ్లలో ఆయనతో అబద్ధమాడలేదు.
ఇప్పుడు ఆడాలన్నా అరిచి ఆడాలి.
వీధంతా వింటుంది."

తొట్టిలో గరిట తిప్పాను,
మొదట ఆమె తృప్తి కోసం,
కాసేపటికి నిజంగానే వెతుకుతూ.
ఎక్కడని దొరుకుతుంది?
చెవి ఎవరి రొమ్ములోనో కలిసిపోయింది.
వెంట రాని పసివాడి ఎత్తు
అంగోలాలో పోయిన కాళ్లలో కలిసింది.
రేపు ఈ పీపాలు కార్ఖానాకి పోతాయి,
మళ్లీ కొవ్వొత్తులై తిరిగొస్తాయి.
ఎవరి మొక్కు ఎవరు వెలిగిస్తున్నారో
నాకు ఏనాడూ లెక్క తేలలేదు.

దుకాణాలు మూసేశారు.
తొట్టి అంచున మీగడ కట్టిన మైనం పిడికెడు తీసి,
నా కుడిచెవి తడుముకుంటూ,
ఒకటి చేశాను.
అక్రోటు కాయకి ఎక్కువ, చెవికి తక్కువ.
ఆమె మంట వెలుగులో తిప్పి చూసింది.
"ఆయనది ఇంకా పెద్దది" అంది.
ఇంకాస్త మైనం అద్దాను.

అప్పుడు దాన్ని నోటి దగ్గర పెట్టుకుని
ఏదో చెప్పింది.
అరవలేదు. గొణిగింది.
ఎన్నేళ్లయిందో ఆమె ఆయనతో
అంత చిన్న గొంతుతో మాట్లాడి.
చాలాసేపు చెప్పింది.
నేను పీపా మూత బిగిస్తూ నిలబడ్డాను,
అప్పటికే బిగించిన మూతే.

విసిరిందో, మెల్లగా జారవిడిచిందో చూడలేదు.

మర్నాడు వీడ్కోలు వేళ
మైదానమంతా తెల్లటి రుమాళ్లు ఊగాయి.
నా దగ్గర రుమాలు లేదు, చెయ్యెత్తాను.
బొటనవేలి గోటి కింద ఇంకా కొంచెం ఉంది,
పచ్చగా, గట్టిగా.
గీకలేదు.