జారుముడి

ప్రతి సోమవారం ఆ పెద్ద అయస్కాంతానికి
ద్రవ నైట్రోజన్ పోసేది నేనే.
ల్యుబ్ల్యానాలో నవంబర్ పొగమంచు నది దాటి వచ్చి
మా కిటికీల దగ్గర నిలబడుతుంది.
లోపల నా గొట్టం చివర ఇంకో పొగమంచు.

ఆ రాత్రి తిన్‌కారా ఇంటికి పోలేదు.
పెన్సిలు కన్నా సన్నటి గాజు గొట్టంలో
ఇరవై రెండు అక్షరాల డిఎన్ఏ పోగు,
ఏదో జన్యువు గుమ్మం ముందు ఉండేదట.
తెర మీద మాత్రం మూడు వారాలుగా
రూపు లేని ఒకే మట్టిదిబ్బ.
"పాడైంది, పారెయ్" అన్నారు పైవాళ్ళు.

మెలికల నిచ్చెన బొమ్మ నాకూ తెలుసు,
మా బడి గోడ మీద ఉండేది.
"నిచ్చెన అన్నిచోట్లా నిచ్చెనగా ఉండదు, స్లావ్కో.
ఒక పోగు ఉన్నట్టుండి జోడీని వదిలేసి
తనలోకి తానే మడుచుకుంటుంది.
నాలుగు గ్వానిన్లు చేతులు కలిపితే ఒక చదరం,
చదరం మీద చదరం, మూడంతస్తులు.
నడిమి బోలులో కూర్చోడానికి పొటాషియం కావాలి.
లిథియం పంపితే ససేమిరా అంటుంది."

చిటికెడు కూడా కాదు, చుక్క ఉప్పునీరు.
తెల్లవారుజామున మూడింటికి
దిబ్బ కరిగి పన్నెండు మొనలు లేచాయి.
నన్నూ లెక్కపెట్టమంది.
నేను పదమూడన్నాను;
ఒకటి తెర మీది కాఫీ మరక.

పాదరసం గని మూతబడ్డ ఇద్రియాలో
ఆమె పెద్దమ్మ ఫ్రాన్‌త్స్కా
ఇప్పటికీ కర్ర కండెలతో లేసు అల్లుతుంది.
పొద్దున్నే ఫోన్లో బొమ్మ చూపిస్తే
కళ్ళజోడు తుడుచుకుని చూసింది.
"కట్టు బాగుంది. విప్పేదెవరు?"

నవ్వబోయి ఆగిపోయింది తిన్‌కారా.
పీటముడి పడితే
జన్యువును చదవడానికొచ్చినవాడు గుమ్మంలోనే నిలబడిపోతాడు,
కణం ఆ మాట ఇక పలకదు.
ఇంకోచోట ఇదే ముడి
ఎదుటి పోగును ఖాళీగా వదిలి
తలుపు తెరిచి పట్టుకుంటుందట.
ఆపేదీ అదే, రమ్మనేదీ అదే.
విప్పే చేతులు కణంలో ఉన్నాయట గానీ
ఈ ముడికి ఏ చెయ్యో, ఏ వేళకో.
నోటుబుక్కులో పెద్దమ్మ ప్రశ్నను
ఉన్నదున్నట్టు రాసుకుంది.

నాకు చిన్నప్పటి నుంచీ నత్తి.
'మ' దగ్గర నాలుక మడతపడుతుంది.
వడ్రంగి పనిలో మునిగి ఏదీ వినని మా నాన్న
ఆ మడత దగ్గర మాత్రం
రంపం ఆపి నా వైపు చూసేవాడు.

ఖాళీ సిలిండర్ బండిని తోస్తూ అన్నాను,
"పీట... కాదేమో, అది జారు..."
తిన్‌కారా పెన్ను ఎత్తి పట్టుకుంది.
మిగిలిన రెండక్షరాలకు
తొందరేం లేదు.